గవ్వలమొండికి మంజూరైన వరద

మా వెనకింటి వీరరాఘవమ్మకి మండలాఫీసు అటెండరు భార్య చెప్పిందట, ఆవిడకి మొగుడు అన్నం తింటూ చెప్పాడట: గవ్వలమొండికి వరద శాంక్షనైందని. ఈ మాట దొడ్డిగోడ మీదుగా మా ఆవిడకి అందిస్తూ, "నాలుగు రోజులదంట. పక్కూరోళ్ళకి రెండ్రోజులదే ఇచ్చారంట" అని వీరరాఘవమ్మ ఇంకో ముక్క కలిపింది. పక్కూరి సంగతి ఆవిడ సొంత కల్పన అని తరవాత తేలింది. అది తేలేలోపే పక్కూరి సర్పంచి, మాకూ నాలుగు రోజులది ఇవ్వాలంటూ జిల్లా ఆఫీసుకి బయల్దేరి వెళ్ళాడు.

మా ఆవిడ నావైపు చూసింది. "మీరు రాసిన కాగితమేనా?"

నేను రాసిన కాగితమే. డిగ్రీ పూర్తిచేసి ఊళ్ళోనే ఉండిపోయినవాణ్ణి కాబట్టి మా ఊరి అర్జీలన్నీ నా చేతిమీదుగానే వెళ్తాయి. అయితే ఆ అర్జీ వెనక ఒక అడవి ఉంది. ముందు దాని సంగతి చెప్పాలి.

మా ఊరి పక్కన గోదావరి పాయ పారుతుంది. వెనకటికి ఆ పాయలోంచి ఒక చిన్న ఏరు చీలి, మా పొలాల అంచునే రెండు మైళ్ళు నడిచి సముద్రంలో కలిసేది. దాన్ని పాత ఏరు అంటాం. దాని రెండు గట్ల మీదా మడ అడవి. ఏటా వరదల్లో ఎర్రనీరు వచ్చి అడవిని కడిగి, కాస్త ఒండ్రు వేసి వెళ్ళిపోయేది. ఒక పెద్ద వరద తరవాత ఏటిగట్టు ఎత్తు పెంచారు. పాత ఏటి మొదట్లో ఉన్న మూడు తలుపుల తూముకి తాళం వేశారు. అప్పట్నుంచి కింద నుంచి సముద్రం రోజుకి రెండుసార్లు పోటెత్తి వస్తుంది. పైనుంచి ఏరు మాత్రం రాదు. మడచెట్టు ఉప్పు ఓర్చుకుంటుంది గానీ, ఉప్పొక్కటే తిని బతకదు. పదేళ్ళలో అడవి పైనుంచి కిందికి ఎండుతూ వచ్చింది.

ఆ అడవిలోనే ఇసకదిబ్బ మీద పదకొండు గడపల పల్లె ఉంది. పీతలు పట్టుకుని బతుకుతారు. సంగాని మరిడమ్మ అక్కడి ఆడవాళ్ళకి పెద్ద. విశ్వవిద్యాలయం నుంచి ఒక మేడంగారు వచ్చి నెలరోజులు వాళ్ళతో బురదలో తిరిగి, నడుమ ఒక కాలువ, దానికి అటూ ఇటూ చేపముల్లులా ఏటవాలు పిల్లకాలువలు తవ్వమని చెప్పింది. తవ్వారు. పన్నెండు వేల మడమొక్కలు నాటారు. వెళ్ళేముందు ఆవిడ ఒకటే మాట చెప్పింది. "దీనికి మందు లేదు, ఎరువు లేదు. ఎర్రనీరు వచ్చినప్పుడు నాలుగు రోజులు తూము ఎత్తండి. ఉప్పు దిగిపోతుంది."

అటవీ శాఖవాళ్ళు ఒక షరతు పెట్టారు. దసరా నాటికి మొక్కల్లో సగమైనా బతకాలి. బతక్కపోతే ఆ నేల అడవికి పనికిరానిదని రాసి, వేరే అవసరాలకి ఇచ్చేస్తారు. వేరే అవసరాలంటే రొయ్యల చెరువులు. ఆ అవసరం ఉన్నాయన అప్పుడే వచ్చి టేపు పెట్టి కొలుచుకుని వెళ్ళాడు. కొలిచేటప్పుడు మరిడమ్మ ఇల్లు అడ్డం వస్తే, టేపు వాకిట్లోంచి పెరట్లోకి లాగాడు.

తూము ఎత్తాల్సినవాడు లస్కరు కామేశు. ఇరవై రెండేళ్ళుగా ఆ తూముకి కాపలా. ఏటినీళ్ళు దోసిట్లో తీసి నాలిక మీద వేసుకుని "తీపి", "చప్పన", "ఉప్పు" అని చెప్తాడు. ఆ నాలిక తప్పిందని ఊళ్ళో ఎవరూ అనగా నేను వినలేదు. గట్టు పెంచాక తూముకి పని పోయింది. నాలికకి మాత్రం అలవాటు పోలేదు.

"నాకు ఆర్డరు చాలండి," అన్నాడు కామేశు. "హ్యాండిలు నా దగ్గరే ఉంది. అరగంట పని."

ఆర్డరు కోసం మొదటి అర్జీ రాశాను: నాలుగు రోజులు తూము తలుపులు ఎత్తించండి అని. ఇరవై రోజులకి జవాబు వచ్చింది. "ఏటిగట్టు లోపలికి నదీజలము ప్రవేశించు ప్రక్రియ నిబంధనలలో 'వరద'గా నిర్వచింపబడియున్నందున, సదరు ప్రక్రియ ఈ కార్యాలయ పరిధిలోనిది కాదు. విపత్తుల విభాగమును సంప్రదించవలెను."

నాకు ఒళ్ళు మండి రెండో అర్జీ రాశాను. "మా గ్రామమునకు నాలుగు రోజుల వరద మంజూరు చేయవలసినదిగా ప్రార్థన." వెటకారంగానే రాశాను. ఆఫీసుల్లో వెటకారానికి కూడా ఇన్వర్డు నంబరు పడుతుందని అప్పటికి నాకు తెలియదు.

*

వరద ప్రత్యేకాధికారి పురుషోత్తం గారు జులై ఆఖర్లో జీపులో వచ్చారు. బడి వరండాకి ఫ్లెక్సీ కట్టించారు: "ప్రణాళికాబద్ధ వరద – ప్రజలందరి వరద". ఊరంతా వచ్చింది. దిబ్బ మీదనుంచి మరిడమ్మ కూడా వచ్చి, చీర అంచుకి బురద ఆరకుండానే ముందు వరసలో కూర్చుంది.

"ఇంతవరకు మన జిల్లాలో వరదలన్నీ దరఖాస్తు లేకుండా వచ్చాయి," అన్నారు పురుషోత్తం గారు. "దరఖాస్తు పెట్టుకున్న తొలి గ్రామం మీది. ఇది పరిణతి. వరదకు మూడు అంగాలు: నీరు, నష్టం, బాధితులు. నీటి సంగతి ఇంజినీర్లు చూసుకుంటారు. మిగతా రెండూ మనం సమకూర్చుకోవాలి."

"మాకు నీరొక్కటి చాలు బాబూ," అంది మరిడమ్మ.

"విడి విడిగా ఇచ్చే వీలు లేదమ్మా. ప్యాకేజీ."

కామేశు లేచి నిలబడ్డాడు. "తూము ఎత్తితే నీళ్ళు అడవిలోకి పోతాయండి. ఊళ్ళోకి చుక్క రాదండి."

"రాకపోవచ్చు. అయినా బాధితులు లేని వరదను పైవాళ్ళు వరదగా గుర్తించరు. కనీసం నలభై కుటుంబాలు ఉండాలి. ఎవరెవరు ముందుకొస్తారు?"

మొదట ఎవరూ కదల్లేదు. బాధితులకి తలా ఒక దుప్పటి, బకెట్టు, పునరావాస కేంద్రంలో రెండుపూటలా భోజనం అని చదివాక వరండా చాల్లేదు. అందరికన్నా ముందు చెయ్యెత్తినవాడు రైస్‌మిల్లు చిట్టిబాబు. ఆయనది రెండంతస్తుల డాబా.

"నీ ఇంటికి గోదారి మొత్తం వచ్చినా గుమ్మం తడవదురా," అన్నారెవరో వెనకనించి.

"అదే చెప్తన్నా," అన్నాడు చిట్టిబాబు. "బాధితులంటే కప్పెక్కి కూకోవాలా వద్దా? నాకు డాబా ఉంది, ఎక్కుతాను. పూరింటోడు ఎక్కితే కప్పు కూలుద్ది. అప్పుడు నిజంగా నష్టం."

పురుషోత్తం గారు దీని మీద చాలాసేపు ఆలోచించి, ఇందులో భద్రతా కోణం ఉందని ఒప్పుకున్నారు. డాబా ఉన్నవాళ్ళే బాధితులుగా అర్హులని మార్గదర్శకాల్లో చేర్చారు. మా ఊళ్ళో డాబాలు సరిగ్గా ముప్ఫై ఎనిమిది. మిగతా రెండు కుటుంబాలకీ బడి మేడ కేటాయించారు.

"మా పదకొండు గడపల మాటేంటి బాబూ?" అంది మరిడమ్మ. "అడవికి దగ్గరోళ్ళం మేమే."

పురుషోత్తం గారు పటం తెప్పించి చూశారు. పటం తయారైన ఏడాది ఆ దిబ్బ ఇంకా పైకి తేలలేదు. అక్కడ నీలం రంగు ఉంది.

"మీరు ఏట్లో నివసిస్తున్నట్టుందమ్మా రికార్డు ప్రకారం. ఏట్లో ఉన్నవారికి వరద వర్తించదు."

ఆ తరవాత వారం శిక్షణ నడిచింది. కప్పు మీద కూర్చుని పడవకి చెయ్యి ఊపడం నేర్పడానికి జిల్లా నుంచి ఒకావిడ వచ్చింది. చెయ్యి భుజం దాటాలి, నవ్వకూడదు, సెల్‌ఫోన్ కనపడకూడదు. చిట్టిబాబు వాళ్ళమ్మ మహా బాగా ఊపింది. మిగతావాళ్ళు చిన్నబోతారని ఆమెని కాస్త తగ్గించమన్నారు. నష్టం కూడా ముందే రాసేశారు, తరవాత హడావిడి ఉండకూడదని. నాకు పెసరచేను లేదు గానీ అరెకరం పెసరచేను పోయింది.

ముహూర్తం పదిహేడో తారీఖు, పొద్దున్న పదిన్నర. ముఖ్య అతిథికి ఆ రోజు తప్ప ఖాళీ లేదు. బాధితుల్ని అయిదో తారీఖునే బడిలోకి చేర్చారు, అలవాటు పడాలని. పిల్లలకి సెలవిచ్చారు. మొదటి రెండ్రోజులూ బాగానే ఉంది. మూడోరోజు వంకాయకూరలో నూనె తక్కువైందని, వరద రాకముందే ఇలా ఉంటే వచ్చాక ఎలా ఉంటుందోనని బాధితులు ధర్నా చేశారు.

*

తొమ్మిదో తారీఖు తెల్లారేసరికి ఎర్రనీరు వచ్చింది.

ఆ ఏడు వానలు తక్కువ. ఎర్రనీరు వచ్చేది ఈ ఒక్కసారే అని అందరికీ తెలుసు. నేను గట్టెక్కేసరికి కామేశు అప్పటికే తూము మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నీరు మూడు తలుపుల్నీ సగానికి పైగా నాకుతోంది. దోసిలి ముంచి నాలిక మీద వేసుకున్నాడు.

"తీపి," అన్నాడు. "చెరుకు మడిలో నీళ్ళలా ఉందండి. ఎల్లి చెప్పండి."

పురుషోత్తం గారు పునరావాస కేంద్రంలో ఇడ్లీ రుచి పరీక్షిస్తున్నారు. చెప్పాను. మరిడమ్మ నా వెనకే వచ్చింది.

"ఇది మనది కాదండీ," అన్నారాయన.

"ఏది?"

"ఈ నీరు. మనకి మంజూరైనది పదిహేడున. తొమ్మిదిన వచ్చేదానికి ఉత్తర్వులు లేవు. ఇది అనధికార వరద."

"అదే ఏరు గదా బాబూ," అంది మరిడమ్మ.

"ఏరు అదే కావచ్చమ్మా. తారీఖు వేరు."

"పదిహేడు దాకా ఉండదు బాబూ. నాలుగైదు రోజుల్లో తీసేత్తాది. మొక్కలు ఆకు కొసలు మాడిపోయి ఉన్నాయి. రెండు నెలలై దిబ్బ మీద ఇసకలో తవ్వుకున్న సెలమనీళ్ళు కూడా ఉప్పెక్కి గొంతు దిగటం లేదు. మూడేళ్ళు బురదలో నిలబడి నాటుకున్నాం. ఒక్క తలుపెత్తించండి. ఒక్కటంటే ఒక్కటి."

ఆమె బతిమాలుతుండగా నేను చూడటం అదే మొదలు. మాట మెల్లిగానే ఉంది. చేతులు మాత్రం కొంగుని తాడులా పురి పెడుతున్నాయి.

పురుషోత్తం గారు మంచివారే. ఆయన గొంతు తగ్గించారు. "నా చేతుల్లో ఉంటే ఎత్తించేవాణ్ణమ్మా. ఇప్పుడు ఈ నీరు లోపలికొస్తే మన నలభై కుటుంబాల బాధితులూ ఇంకో వరదలో బాధితులైపోతారు. ఒక మనిషిని రెండు వరదల్లో చూపడానికి లేదు. పదిహేడు వరకు నీరు నిలపమని పై ఆనకట్టకి లేఖ రాశాం. ఓపిక పట్టు."

"కామేశూ," అంది మరిడమ్మ బయటికొచ్చి, "హ్యాండిలేది?"

"వారం కిందటే తీసుకున్నారు అక్కా. వరద సామగ్రి కింద రాసుకున్నారంట. జీపులో ఉంది."

మధ్యాహ్నానికి ఇంకో ఉత్తర్వు వచ్చింది. అనధికార వరదని ప్రతిఘటించాలి. ఇసక బస్తాలు దిగాయి. పునరావాస కేంద్రంలో తిని కూర్చున్న బాధితులంతా గట్టు మీదికొచ్చి బస్తాలు నింపారు. వాళ్ళకి ఇది శిక్షణలో లేదు గానీ ఉత్సాహంగానే చేశారు. చిట్టిబాబు మిల్లు నుంచి గోనెలు ఇచ్చి, వాటి మీద మిల్లు పేరు ఏటివైపు కనపడేలా పేర్పించాడు. ఏ వరద కోసం అర్జీ పెట్టుకున్నామో ఆ వరద లోపలికి రాకుండా మా ఊరు మూడు రోజులు కష్టపడింది. నేనూ ఇరవై బస్తాలు మోశాను.

మరిడమ్మ, ఆమె ఆడవాళ్ళు గట్టు మీద వరసగా కూర్చుని చూశారు. ఎవరూ వాళ్ళని బస్తాలు మొయ్యమనలేదు. ఏట్లో ఉండేవాళ్ళు గదా.

అయితే తూము తలుపులు పాతవి. అడుగున తుప్పు తిన్నాయి. ఎన్ని బస్తాలు పేర్చినా మూడో తలుపు కిందనుంచి బొటనవేలు లావు ధార ఒకటి లోపలికి కారుతూనే ఉంది. దాన్ని లీకేజీ నష్టంగా నమోదు చేశారు. కామేశు ఆ మూలకి ఇంకో బస్తా వెయ్యాల్సి ఉంది. వెయ్యలేదు. నడుం పట్టేసిందన్నాడు.

పదమూడో తారీఖుకి ఎర్రనీరు తీసేసింది. అనధికార వరదని విజయవంతంగా ఎదుర్కొన్నందుకు గ్రామానికి ప్రశంసాపత్రం ఇచ్చారు.

*

పదిహేడున బ్యాండుమేళం వచ్చింది. ముప్ఫై ఎనిమిది డాబాల మీదా, బడి మేడ మీదా బాధితులు ఎక్కి కూర్చున్నారు. తూము తలుపులకి రిబ్బను కట్టారు. ముఖ్య అతిథి పన్నెండింటికి వచ్చారు. పై ఆనకట్ట నుంచి జవాబు ఇంకా రాలేదు. ఏరు తగ్గి తగ్గి తూము అడుగుకి జానెడు కిందికి పోయింది.

"నీళ్ళు లేవే?" అన్నారు అతిథి.

"వస్తాయి సార్," అన్నారు పురుషోత్తం గారు.

అబద్ధం కాదు. అది పున్నమి పోటు వేళ. ఏట్లో పైనుంచి ఒత్తిడి లేకపోయేసరికి సముద్రం పాయ పట్టుకుని పైకి ఎగదన్నుతూ వచ్చింది. అందరి కళ్ళముందూ నీరు లేచింది. రిబ్బను కత్తిరించారు. పురుషోత్తం గారు జీపులోంచి హ్యాండిలు తెప్పించి కామేశుకిచ్చారు. తిప్పేముందు కామేశు అలవాటు చొప్పున వంగి దోసిలి ముంచాడు.

"ఉప్పండి," అన్నాడు.

"ఏమిటి?"

"సముద్రం నీళ్ళండి. ఇప్పటిదాకా కిందనుంచే వస్తందండి. ఇది ఎత్తితే పైనుంచీ వస్తాది."

పురుషోత్తం గారు ఫైలు తిరగేశారు. ఓపిగ్గా మొదట్నుంచి చివరిదాకా తిరగేశారు. "నీటి పరిమాణం ఉంది. ప్రవాహ కాలం ఉంది. రుచి గురించి ఎక్కడా లేదు," అన్నారు. "తిప్పవయ్యా."

కామేశు తిప్పలేదు. హ్యాండిలు మెట్టు మీద పెట్టి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పక్కకి జరిగి నిలబడ్డాడు. చిట్టిబాబు డాబా దిగొచ్చి తిప్పాడు. ఆ కాసేపూ బాధితుల్లో ఒకరు తగ్గారని ఎవరో రాసుకున్నారు.

తూములోంచి తెల్లగా, నురగలు కక్కుతూ నీరు పాత ఏట్లో పడింది. బ్యాండు వాయించారు. డాబాల మీద అందరూ చేతులు భుజాల పైకెత్తి ఊపారు. ఎవరూ నవ్వలేదు.

పోటు తీసి పాటు మొదలయ్యాక నీరు వెనక్కి పోయేది. మళ్ళీ పోటుకి వచ్చేది. రెండో రోజుకి చేపముల్లు కాలువలన్నిటా ఉప్పునీరే. మూసెయ్యండని అడగడానికి మరిడమ్మతో కలిసి నేనూ వెళ్ళాను. మంజూరైంది నాలుగు రోజులని, మధ్యలో ఆపితే అసంపూర్ణ వరద అవుతుందని, అసంపూర్ణ వరదకి వివరణ ఇచ్చుకోవాలని పురుషోత్తం గారు చెప్పారు. నాలుగో రోజు సాయంత్రం అయిదింటికి నిమిషం అటూ ఇటూ కాకుండా తలుపులు దించారు.

దిబ్బ మీది చెలమ ఆ వారంలోనే పూర్తిగా ఉప్పైపోయింది. పదకొండు గడపల ఆడవాళ్ళూ బిందెలు పట్టుకుని మా ఊరి కుళాయికి రెండు మైళ్ళు నడవడం మొదలెట్టారు. దారిలో ఒకరోజు చిట్టిబాబు వాళ్ళమ్మ తన వరద బకెట్టు మరిడమ్మకి ఇచ్చేసింది. "నాకెందుకే ఇది. నువ్వట్టుకెళ్ళు," అందట. వీరరాఘవమ్మ చెప్పింది.

*

దసరాకి ముందు సమీక్షా సమావేశం అడవిలోనే పెట్టారు. టెంటు, కుర్చీలు, మంచినీళ్ళ సీసాలు. ముందు మొక్కలు లెక్కపెట్టారు. పన్నెండు వేలలో బతికినవి మూడు వందల పద్నాలుగు. మిగతావి నిలబడ్డ చోటే పుల్లలై ఉన్నాయి. బతికిన మూడు వందల పద్నాలుగూ ఒకే చోట, తూము దగ్గర, మూడో తలుపు ఎదురుగా గుంపుగా ఉన్నాయి. అక్కడి నేల కొంచెం ఎర్రగా ఉంది. నాలుగు రోజుల ఉప్పు తగిలినా ఆ మొక్కలు కొత్త చిగురు వేశాయి.

పురుషోత్తం గారు నివేదిక చదివారు. "గవ్వలమొండి వరద అన్ని లక్ష్యాలనూ సాధించినది. ప్రాణనష్టం లేదు. బాధితుల సంతృప్తి తొంభై ఆరు శాతం. మడ అడవి మాత్రం వరదకు తట్టుకొనలేకపోయినందున, ఇకమీదట సదరు అడవికి నదీజలము హానికరమని భావించి తూమును శాశ్వతముగా కాంక్రీటుతో మూసివేయుటకు సిఫారసు చేయడమైనది. భూమిని ఇతర అవసరములకు పరిశీలించవచ్చును."

టేపు పెట్టి కొలిచిన ఆయన రెండో వరసలో కూర్చుని ఉన్నాడు. తల ఊపాడు.

కాగితం మడిచి, పురుషోత్తం గారు లేచి బతికిన మొక్కల దగ్గరికి నడిచారు. ఫొటోగ్రాఫరు వెంట వెళ్ళాడు.

"ఇవి మన వరదకి నిదర్శనం," అన్నారు. "మరిడమ్మా, ఇటు రా. మీ ఆడవాళ్ళు కూడా రండి, మొక్కలు పట్టుకుని నిలబడండి. వచ్చే ఏడు పై జిల్లాల్లో కూడా ఇలాంటి వరదలు పెట్టే ఆలోచన ఉంది. మీ అనుభవం చెప్పాలి. అడవి బాగుకోసం ప్రభుత్వం తరఫున ఇంకా ఏం చెయ్యమంటావో నిర్మొహమాటంగా చెప్పు, రాసుకుంటారు."

గుమాస్తా పెన్ను మూత తీశాడు. అడుగున తడి ఆరని మూడో తలుపు వైపే చూస్తున్నాడు కామేశు. మరిడమ్మ వచ్చింది. మొక్క పట్టుకోలేదు. వంగి, దాని మొదట్లో ఎర్రమట్టి ఒక పిడికెడు తీసి, పురుషోత్తం గారి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే పట్టుకున్నారు.

"ఇయ్యి మీ వరదకి బతకలేదు బాబూ, మీ బస్తాలు ఆపలేక వదిలేసిన నీళ్ళకి బతికాయి. వచ్చే ఏడు ఎర్రనీరొచ్చేటప్పటికి ఆ హ్యాండిలు కామేశుకిచ్చేసి, నాలుగ్రోజులు సెలవెట్టి ఇంటికాడ ఉండండి."